సముద్రంలో ఊపిరి లెక్క

ఎండలు ముదిరే వేళ, మార్చి, ఏప్రిల్ నెలల్లో, విశాఖ ఒడ్డు వెంబడి నైరుతి గాలి వీస్తుంది. ఆ గాలికి పైనీరు తీరం వదిలి లోపలి సముద్రం వైపు జరుగుతుంది. దాని స్థానంలోకి అడుగునుంచి చల్లటి నీరు పైకి వస్తుంది. 1952లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఇ.సి. లాఫాండ్ ఈ సంగతిని కొలతలతో చూపించారు. కింది నుంచి వచ్చే ఆ నీటిలో పోషకాలు ఎక్కువ, ఆక్సిజన్ తక్కువ. పోషకాల వల్ల కంటికి కనబడని నాచు పెరుగుతుంది. నాచు వెంట కవ్వళ్లు, కానాగంతలు వస్తాయి. తీరానికి తిండి పెట్టే నీరే ఊపిరి తక్కువ నీరు కూడా.

అదే తీరంలోకి మన మురుగూ వస్తుంది. మేఘాద్రి గెడ్డ తెచ్చే నీరు ఇన్నర్ హార్బర్‌లో కలుస్తుంది. మురుగులోని కుళ్లును బాక్టీరియా తినేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ ఖర్చయిపోతుంది. ఇప్పుడు ఏప్రిల్‌లో ఒక ఉదయం భీమిలి ఎదురుగా తీసిన నీటిలో లీటరుకు 3 మిల్లీగ్రాముల ఆక్సిజనే ఉందనుకోండి. స్నానానికి, ఈతకు పనికొచ్చే తీరపు నీటిలో కనీసం 4 ఉండాలని మన ప్రమాణం. 2కి దిగితే చేపలు ఆ చోటు వదిలి పోతాయి, పోలేని పీతలూ గుల్లలూ చస్తాయి. మరి ఈ 3 ఎవరి పని? గాలిదా, నగరానిదా? ఆ ఒక్క అంకెను ఎంతసేపు చూసినా జవాబు రాదు. సముద్రపు ఆరోగ్యాన్ని కనిపెట్టి ఉండటమనే పనంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. నేను ఈ పనిని వదల్లేకపోవడానికి కారణం కూడా ఇదే.

ఆక్సిజన్‌ను కొలిచే తీరు చూస్తే ఈ పనికి ఎంత శ్రద్ధ కావాలో తెలుస్తుంది. బోటు లంగరు వేశాక, రెండు వైపులా మూతలున్న గొట్టం లాంటి నిస్కిన్ బాటిల్‌ను తీగకు కట్టి కావలసిన లోతుకు దింపుతాం. పైనుంచి తీగ వెంట ఒక ఇత్తడి బరువును జారవిడిస్తే అది వెళ్లి తగిలి మూతలు మూసుకుంటాయి. పైకి వచ్చిన నీటిలో మొదటి వాటా ఆక్సిజన్ సీసాదే, ఉప్పు కొలిచేవాళ్లూ నాచు వడగట్టేవాళ్లూ ఆ తర్వాతే. రబ్బరు గొట్టాన్ని సీసా అడుగుదాకా పెట్టి, నీరు నిండి పొర్లి బయటికి పోయేదాకా వదలాలి. గాలి బుడగ ఒక్కటి చిక్కినా ఆ కొలత పోయినట్టే. వెంటనే మాంగనీస్ ద్రావణం, అయోడైడ్ కలిసిన క్షారం వేసి, బిరడా బిగించి తలకిందులుగా ఊపుతాం. నీటిలో ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి కడుతుంది. లేకపోతే మడ్డి తెల్లగానే ఉండిపోతుంది. ల్యాబులో ఆమ్లం పోస్తే మడ్డి కరిగి అయోడిన్ పసుపుపచ్చగా తేలుతుంది. బ్యూరెట్ నుంచి థయోసల్ఫేట్ వదులుతూ, రంగు లేత పసుపుకి వచ్చాక గంజి చుక్కలు వేస్తే ముదురు నీలం అవుతుంది. ఆ నీలం మాయమయ్యే చుక్క దగ్గర చెయ్యి ఆపాలి.

హంగరీ రసాయన శాస్త్రవేత్త వింక్లర్ 1888లో చెప్పిన పద్ధతి ఇది. ఇవాళ నీటిలో ముంచి ఉంచితే చాలు, కాంతి సాయంతో ఆక్సిజన్ చదివి పంపే సెన్సర్లు ఉన్నాయి. అయినా వాటి లెక్క సరైనదో కాదో తేల్చేది ఈ సీసాయే. మన వెచ్చటి నీటిలో సెన్సర్ మీద కొద్ది వారాల్లోనే నాచు పడుతుంది, గుల్లలు అతుక్కుంటాయి. ఆ తర్వాత అది పంపే అంకె సముద్రానిదో, దాని మీద కాపురమున్న ప్రాణులదో చెప్పలేం. కొన్న సెన్సర్ల పట్టిక చూపించి సముద్రాన్ని కాపాడుతున్నామనే మాట విన్నప్పుడల్లా నేను అడిగేది ఒక్కటే, వాటిని తుడిచేదెవరు, సీసాతో పోల్చేదెవరు?

తీరం నుంచి లోపలికి వెళితే లెక్క ఇంకా పెద్దది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చిపోసే మంచినీరు బంగాళాఖాతం మీద పాలమీది మీగడలా పరుచుకుంటుంది. తేలికైన ఆ పొరను దాటి గాలి కింది నీటిని కలపలేదు. దానివల్ల సుమారు 100 మీటర్ల నుంచి కొన్ని వందల మీటర్ల లోతుదాకా ఆక్సిజన్ దాదాపు లేని నీరుంది. దాదాపు అనే మాటే ఇక్కడ కీలకం. అక్కడ మామూలు పరికరానికి అందనంత స్వల్పంగా ఆక్సిజన్ మిగిలి ఉందనీ, నీటిలోని నైట్రోజన్ వాయువుగా మారి పోకుండా ఆ స్వల్పమే అడ్డుపడుతోందనీ 2017లో నేచర్ జియోసైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది. అరేబియా సముద్రం అప్పటికే ఆ గీత దాటింది. మనది గీత ఇవతల ఆగి ఉంది.

ఆ మిగిలిన కాస్త ఎలా వస్తోంది? ఆర్గో ఫ్లోట్లు దీనికి ఒక జవాబు తెచ్చాయి. మనిషి ఎత్తుండే గొట్టాలివి. 1000 మీటర్ల లోతులో కొట్టుకుపోతూ, 10 రోజులకోసారి 2000 మీటర్లకు దిగి, అక్కడి నుంచి కొలుచుకుంటూ పైకి వచ్చి, ఉపగ్రహానికి లెక్క పంపి మళ్లీ మునిగిపోతాయి. కొన్నింటికి ఆక్సిజన్ సెన్సర్ కూడా ఉంటుంది. విశాఖలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రానికి చెందిన వి.వి.ఎస్.ఎస్. శర్మ, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌కు చెందిన టి.వి.ఎస్. ఉదయ భాస్కర్ ఇలాంటి ఫ్లోట్ల లెక్కలు చూసి, సవ్య దిశలో తిరిగే పెద్ద సుడులు పై ఆక్సిజన్‌ను కిందికి చేరవేస్తున్నాయని 2018లో రాశారు. ఓడ వేసుకుని ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్లి వచ్చేవాళ్లకు ఈ సుడి ఎదురుపడటం అదృష్టం మీద ఆధారపడే విషయం. రోజులూ నెలలూ ఆ నీటిలోనే ఉండే పరికరానికి అది దొరికే అవకాశం చాలా ఎక్కువ.

అయితే ఫ్లోటు తీరానికి రాదు, ఇక్కడ లోతు చాలదు. ఉపగ్రహం నీటి రంగు చూసి నాచు ఎంతో చెబుతుంది. 2022 నవంబరులో ఇస్రో పంపిన ఓషన్‌శాట్-3 ఈ పని 13 రంగుల పట్టీల్లో చేస్తుంది. కానీ నదులు పొంగి బురద తెచ్చే వానాకాలంలోనే దాని చూపుకి మబ్బు అడ్డం. మబ్బు విడిచినా ఒడ్డున బురదనూ నాచునూ విడదీసి చూడటం దానికి కష్టం. సీసా, లంగరుతో ఒకే చోట తేలుతూ కొలిచే బోయా, ఫ్లోటు, ఉపగ్రహం ఒక్కొక్కటీ ఒక్కో ముక్క చూపిస్తాయి. మధ్యలో ఖాళీలు నింపడానికి మోడల్ కావాలి.

మోడల్ అంటే సముద్రాన్ని చిన్న చిన్న గళ్లుగా కోసి, ప్రతి గడిలో వేడి, ఉప్పు, ప్రవాహం, పోషకాలు, నాచు, దాన్ని తినే జీవులు, ఆక్సిజన్ గంటగంటకూ ఎలా మారతాయో లెక్కగట్టే పని. మన తీరం వెంట ప్రవాహం ఏడాదిలో దిశ మార్చుకుంటుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి. ఏప్రిల్‌లో భీమిలి ఎదుట కనబడ్డ తగ్గుదల దక్షిణాన ఉన్న హార్బర్ నుంచి వచ్చి ఉండొచ్చు. డిసెంబరులో ఆ మాట అనడం అంత తేలిక కాదు. మోడల్లో హార్బర్ మురుగును ఒకసారి ఉంచీ, ఒకసారి తీసేసీ లెక్క నడిపితే 3 అనే అంకెలో గాలి వాటా ఎంతో, మన వాటా ఎంతో విడివిడిగా బయటపడుతుంది. ఏ కొలత పరికరమూ ఒంటరిగా ఈ పని చేయలేదు.

ఇక్కడే నా బాధ. గాలి ఎంతో మోడల్‌కు తెలుసు. ఎండ ఎంతో తెలుసు. తెలియంది గెడ్డలో నుంచి ఇవాళ ఎంత నీరు, ఆ నీటిలో ఎంత కుళ్లు వచ్చిందన్నదే. చాలా మోడళ్లలో నది నీటి లెక్కకు కూడా పాత ఏళ్ల నెలవారీ సగటే దిక్కు. వందల మైళ్ల అవతలి సుడిని పట్టుకోగలిగిన మనం ఊరి మధ్య నుంచి పారే కాలువను వంతెన మీద నిలబడి రోజూ కొలవడం లేదు. తీరపు నీటి నాణ్యతను కనిపెట్టే జాతీయ కార్యక్రమం కోమాప్స్ 1991లోనే మొదలైంది. అలాంటి పని విలువ ఆగకుండా సాగడంలోనే ఉంది. ఒకే చోట, ఒకే రకంగా ఏళ్ల తరబడి తీసిన కొలత ఉంటేనే ఏప్రిల్‌కు మామూలు ఏదో తెలుస్తుంది. చేపలు తేలినరోజు పరుగెత్తి తీసిన సీసాను దేనితో పోల్చాలో అప్పుడే తెలుస్తుంది. ప్రాజెక్టు డబ్బు ఉన్నన్నాళ్లూ తీసి, అయిపోగానే ఆపేసిన కొలతలు మాత్రం ఈ పోలికకు సాయపడవు.

1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ ఇప్పుడు విశాఖ ఎదుట, కొచ్చి ఎదుట నీటి నాణ్యత చదివే బోయాలు పెట్టింది. మంచి పని. వాటికి ఉన్న పెద్ద ముప్పు మనుషుల నుంచే. తేలే వస్తువు నీడన చేప చేరుతుంది, చేప ఉన్నచోటికి బోటు వస్తుంది, బోటు తాడు బోయాకు పడుతుంది, దాంతో కేబుళ్లు తెగుతాయి. ఒకసారి ఫిషింగ్ హార్బర్‌లో ఒక పెద్ద సరంగుతో ఈ మాటే అంటే, "కింద చేప మూగుతాది బాబూ, కట్టుకోపోతే ఎలాగ? ఆ బోయా మాకేం చెబతాది?" అన్నాడు. అతని ప్రశ్న న్యాయమైనదే. చేపలు దొరికే చోట్లను ఇన్‌కాయిస్ తెలుగులోనే పంపుతోంది. సముద్రపు వేడినీ నీటి రంగునూ చూసి చెప్పే ఆ సమాచారాన్ని అతను రోజూ వాడతాడు, దాన్ని పంపే సంస్థ పేరు కూడా అతనికి తెలుసు. అతనికి చేరనిది నీటి ఆరోగ్యం. అడుగున ఆక్సిజన్ లేని చోట వల వేస్తే డీజిల్ దండగని అతనికి చెప్పేవాళ్లు లేరు.

హార్బర్‌లో చేపల చోట్లు చూపే బోర్డు మీదే నిన్నటి ఆక్సిజన్ ఎంత, ఈ నెలకు మామూలు ఎంత అని రెండు అంకెలు పక్కపక్కన రాయాలని నేను అడుగుతున్నాను. ఒకటి బోయా ఇస్తుంది, రెండోది ఏళ్ల కొలతల నుంచి వస్తుంది. బోయా మూగబోయిన రోజు ఆ గడి ఖాళీగా ఉంటుంది. ఎందుకు ఖాళీ అని అడగడానికి అప్పుడు హార్బర్ నిండా మనుషులుంటారు.