పాలస్తీనా పల్లెల్లో ఆలివ్ నూనె

వెస్ట్‌బ్యాంక్ కొండ పల్లెల్లో ఆలివ్ కోత అక్టోబరులో మొదలై నవంబరు దాకా సాగుతుంది. వేసవంతా ఆకుల మీద, కాయల మీద పేరుకున్న దుమ్మును కడిగే తొలివాన కోసం చాలామంది రైతులు ఆగుతారు. ఐక్యరాజ్యసమితి లెక్కల్లో 80 వేల నుంచి లక్ష పాలస్తీనా కుటుంబాలకు ఈ చెట్టు ఆదాయ వనరు. అమ్మకానికి పోయేది ఎంతైనా, ముందు ఇంటికి ఏడాదికి సరిపడా నూనె పక్కన పెట్టుకోవడం అక్కడి ఆనవాయితీ.

రాతి కట్టలు పోసిన మెట్ల పొలాల్లో ఈ చెట్లు ఎక్కువగా వానాధారంగానే పెరుగుతాయి. నబాలీ, సూరీ అక్కడి పాత నాటు రకాలు. ఆలివ్ ఒక ఏడు విరగ్గాస్తే మరుసటి ఏడు వెనకబడుతుంది. కాబట్టి మంచి కాపు నూనెను రెండో ఏటికి కూడా దాచుకుంటారు.

కోతకు చెట్టు కింద పట్టాలు పరుస్తారు. కొమ్మను పిడికిట పట్టి కాయలను దూస్తారు, లేదా ప్లాస్టిక్ దువ్వెనలతో దువ్వుతారు. పై కొమ్మలకు నిచ్చెన వేస్తారు. కర్రతో కొట్టి రాలిస్తే పని తొందరగా అవుతుంది గానీ, ఆలివ్ కాసేది అంతకుముందు ఏడు పెరిగిన రెమ్మల మీద. ఆ దెబ్బలకు లేత రెమ్మలు విరిగితే వచ్చే ఏటి కాపు పోయినట్టే. కాయకు తగిలే దెబ్బ వల్ల ఇంకో నష్టం ఉంది. చిట్లిన గుజ్జులో ఎంజైములు నూనెను విడగొట్టి కొవ్వు ఆమ్లాలను వదులుతాయి. ఎక్స్‌ట్రా వర్జిన్ నూనెలో ఈ ఆమ్లత 0.8 శాతం మించకూడదని అంతర్జాతీయ ప్రమాణం. సంచుల్లో కుక్కి రోజుల తరబడి ఉంచిన కాయ వేడెక్కి పులుస్తుంది. ఆ ముక్కవాసన నూనెకు పట్టుకుంటే ఏ గానుగా వదిలించలేదు. కొమ్మకూ గానుగకూ మధ్య గడిచే ఆ కొన్ని గంటల్లోనే నూనె మంచిచెడ్డలు చాలావరకు తేలిపోతాయి.

ఒక్క కుటుంబం తన తోటంతా కోసి అదే రోజు గానుగకు చేర్చడం కష్టం. అక్కడే 'ఔనా' అనే పరస్పర సాయం అక్కరకు వస్తుంది. పట్నాల్లో ఉన్న బంధువులు ఊరికి వస్తారు, ఇరుగుపొరుగు ఒకరి తోటకు ఒకరు బదులు పోతారు. కూలి డబ్బు ప్రసక్తి ఉండదు. ఈ కట్టుబాటు నూనె నాణ్యతకు గానుగంత అవసరం.

కాయను వేళకు కోయనివ్వని అడ్డంకులు కూడా ఉన్నాయి. ఇజ్రాయెల్ కట్టిన విభజన గోడకు ఆవల, ఇజ్రాయెలీ స్థావరాల పక్కన ఉన్న తోటల్లో చాలావాటికి వెళ్లాలంటే ఇజ్రాయెల్ సైన్యం ముందస్తు అనుమతి కావాలి. అది దొరికినా కొద్ది రోజులకే. స్థావరవాసుల దాడులనూ చెట్ల నరికివేతలనూ ఐక్యరాజ్యసమితి ఏటా నమోదు చేస్తోంది. అనుమతి వచ్చేసరికి కాయ మగ్గి నేల రాలితే, చేతికందేది తక్కువ నూనె, అదీ నాసి నూనె.

ఊరి గానుగల్లో ఒకప్పుడు పశువులు తిప్పే రాతి చక్రం కాయలను నలిపేది. ఆ ముద్దను అల్లిన గుండ్రటి చాపల మధ్య పేర్చి మరతో బిగించేవారు. ఇప్పుడు యంత్రాలు కాయను నలిపి, ముద్దను కొంతసేపు నెమ్మదిగా కలుపుతాయి. అలా కలిపితే చిన్న నూనె బొట్లు ఒకటై పెద్దవవుతాయి. తరవాత గిర్రున తిప్పి నీటినీ నూనెనూ వేరుచేస్తాయి. ముద్ద వేడి 27 డిగ్రీలు దాటకపోతే పరిమళం నిలుస్తుంది. లీటరు నూనెకు ఇంచుమించు ఐదు కిలోల కాయ పడుతుంది. గానుగ దగ్గర వంతు కోసం కూర్చున్నవాళ్లు అప్పుడే దిగిన పచ్చని నూనెలో రొట్టె ముంచుకుని తింటారు. గొంతులో చిరుమంట పుట్టించే ఆ ఘాటు తాజాదనానికి గుర్తు.

గానుగ అక్కరలేని పద్ధతి 'తఫాహ్'. దీన్ని ఎక్కువగా ఆడవాళ్లే చేస్తారు. కాయలను రాతితో నలిపి, ముద్దను వేడినీళ్లలో చేతులతో పిసుకుతారు. నీటికన్నా తేలికైన నూనె పైకి తేరుతుంది. దాన్ని అరచేత్తో తీసి గిన్నెలోకి వంచుతారు. తెలుగు పల్లెల్లో వేయించిన ఆముదపు గింజలను దంచి, నీళ్లలో కాచి తీసే వంటాముదానిది కూడా ఇదే సూత్రం. తఫాహ్‌లో శ్రమ ఎక్కువ, దిగుబడి తక్కువ. వగరునిచ్చే పదార్థాలు కొంత నీళ్లలో కరిగిపోతాయి కాబట్టి ఈ నూనె మృదువుగా ఉంటుంది.

కొత్త నూనెను కొన్ని వారాలు కదపకుండా ఉంచి, మడ్డి అడుగుకు దిగాక తేటను వేరే పాత్రలోకి వంచుతారు. వెలుతురు, గాలి, వేడి తగలకూడదు. వెనకటికి మట్టి జాడీలు వాడేవారు, ఇప్పుడు రేకు డబ్బాలు వచ్చాయి. పొద్దున రొట్టెకు జాతర్ అనే మూలికల పొడితో నంజుకునేది ఈ నూనెనే. కోతకాలపు ప్రత్యేక వంట ముసఖ్ఖన్‌లో రొట్టెలూ, ఉల్లిపాయలూ, సుమాక్ అనే పుల్లటి పొడి చల్లిన కోడిమాంసమూ ఈ నూనెలోనే నానుతాయి.

గానుగలో మిగిలిన పిప్పిని ఎండబెట్టి పొయ్యిలో మండిస్తారు. పాతబడి తినడానికి రుచించని నూనె ఇళ్లలో సబ్బుగా మారుతుంది. ఆలివ్ నూనె, నీరు, క్షారంతో చేసే నాబ్లస్ సబ్బు తయారీని యునెస్కో 2024లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ ప్రాతినిధ్య జాబితాలో చేర్చింది.