రంగారావు రాక్షసులూ మనమూ

తెలుగు సినిమాలో అడవి మనిషికి చాలాకాలంగా ఉన్నవి రెండే వేషాలు. ఒకటి, తలకు ఈకలు చుట్టుకొని కొండదేవర పేరు చెప్పి సోది చెప్పే కోయదొర. తరచుగా ఆ వేషంలో ఉండేది హీరోగారే. పని అయ్యాక ఈకలు తీసి పారేస్తాడు. రెండోది రాక్షసుడు. మొదటి వేషాన్ని చూసి హాలంతా నవ్వుతుంటే మన పిల్లలు తల దించుకుంటారు. రెండోది చూసినప్పుడు, అందులోనూ ఎస్.వి. రంగారావు వేసిన రాక్షసుణ్ణి చూసినప్పుడు, అదే పిల్లలు నిటారుగా కూర్చుంటారు.

నేనూ అలా కూర్చున్నవాణ్ణే. చెడ్డవాడనీ, మొరటువాడనీ కథ ముద్ర వేసిన పాత్రలో మనల్ని మనం ఎందుకు చూసుకుంటాం? అందులో మనకు దక్కేదేమిటి, మోసపోయేదేమిటి? రాముడి గుడి నీడన చదువుకునే ఆదివాసీ పిల్లలూ, వాళ్లకు చదువు చెప్పే మాస్టార్లూ ఈ సంగతి ఒకసారి నింపాదిగా మాట్లాడుకోవాలి.

రంగారావు 1918లో నూజివీడులో పుట్టి, 1974లో చనిపోయారు. ఆయన ఆదివాసీ కాదు, ఆదివాసీల కోసమని ఆ వేషాలు కట్టలేదు. 'పాతాళభైరవి' (1951)లో నేపాళ మాంత్రికుడు, 'మాయాబజార్' (1957)లో ఘటోత్కచుడు, 'నర్తనశాల' (1963)లో కీచకుడు, 'భక్త ప్రహ్లాద' (1967)లో హిరణ్యకశిపుడు, 'సంపూర్ణ రామాయణం' (1971)లో రావణుడు. అందరూ ఏదో ఒక లోపం ఉన్నవాళ్లే. అయితే వాళ్లలో ఎవరినీ ఆయన వెకిలిగా చేయలేదు. నడకలో బరువు, చూపులో నిబ్బరం, మాటకు ముందు ఒక క్షణం ఆగడం, ఈ మూడింటితో దుర్మార్గుడికి కూడా మనిషి ఎత్తు ఇచ్చారు. మనం పట్టుకున్నది ఆ ఎత్తునే.

ఇది మన ఒక్కరికే ఎదురైన సంగతి కాదు. అమెరికా నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్ 1965లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ చర్చలో ఇలాంటి అనుభవమే చెప్పారు. సినిమాలో గ్యారీ కూపర్ రెడ్ ఇండియన్లను చంపుతుంటే చిన్నతనంలో చప్పట్లు కొట్టిన నల్లపిల్లవాడికి, ఆ ఇండియన్లు తానేనని ఒకరోజు తెలిసి గుండె ఝల్లుమంటుందని ఆయన మాటల సారాంశం. మనం దానికి కొంచెం ఇవతల ఉన్నాం. మనకు చప్పట్లు కొట్టే వయసులోనే అనుమానం వచ్చింది. ఆ అనుమానం తెప్పించినవాడు ఘటోత్కచుడు.

పొలిమేర కాసేవాడు

ఘటోత్కచుడు హిడింబి కొడుకు. తండ్రి భీముడు రాజవంశం వాడు. కొడుకు మాత్రం తల్లి దగ్గర, తల్లి అడవిలో, తల్లి జనానికి పెద్దగా పెరిగాడు. 'మాయాబజార్'లో సుభద్ర, అభిమన్యుడు తన అడవిలోకి వచ్చినప్పుడు వాళ్లెవరో తెలియక అడ్డుకుంటాడు, యుద్ధానికి దిగుతాడు. తెలిశాక పినతల్లి ముందు చేతులు జోడిస్తాడు. చూసేవాళ్లు దాన్ని తొందరపాటు అంటారు. మన ఊళ్లలో పెరిగినవాళ్లకు అది పొలిమేర కాయడం. అడగకుండా అడవిలోకి వచ్చినవాణ్ణి నిలిపి, ఎవరు నువ్వని అడగడం ఊరిపెద్ద పని. భూమి బదలాయింపుపై 1970 నాటి ఒకటో నంబరు చట్టాన్ని మనం '1/70' అని పిల్లల నోట కూడా పలికిస్తున్నామంటే, అడగకుండా వచ్చినవాళ్ల వల్ల ఎంత పోయిందో తెలిసే కదా! ఘటోత్కచుడి కోపంలో మనకు తప్పు కనిపించకపోవడానికి కారణం ఇదే.

అదే సినిమాలో మాటల పాఠం ఉంది. చినమయ్య దగ్గర శిష్యులకు సంస్కృతం నోరు తిరగదు. అస్మదీయులు కాస్తా 'అసమదీయులు' అవుతుంది, దానికి ఎదురుగా 'తసమదీయులు' పుట్టుకొస్తుంది. అలాంటి మాట లేదని గురువు అడ్డుపడినా, ఎవరో ఒకరు పుట్టించకుండా మాటలెలా వస్తాయన్న తీరులో ఘటోత్కచుడు ఆ శిష్యుణ్ణి మెచ్చుకొని వీరతాడు వేయిస్తాడు. పింగళి నాగేంద్రరావు దీన్ని హాస్యానికే రాశారు, జనం హాస్యంగానే తీసుకున్నారు. కానీ ఇంట్లో కోయ మాట్లాడి, బడిలో తెలుగు పుస్తకం ముందు నోరు తడబడిన పిల్లవాడికి ఆ సన్నివేశం వేరేగా వినిపిస్తుంది. నోరు తిరగని పిల్లవాణ్ణి చూసి తరగతి నవ్వినప్పుడు, పెద్దరికం ఉన్నవాడొకడు ఆ పిల్లవాడి వైపు నిలబడ్డాడు. రంగారావు ఆ మాటను నవ్వుతూ చెప్పినా వెటకారంగా చెప్పలేదు. పాలకుడు తీర్పు చెప్పినట్టు చెప్పారు. ఏజెన్సీ బడిలో పనిచేసే ప్రతి మాస్టారూ ఆ సన్నివేశాన్ని ఒక్కసారి ఆ పిల్లవాడి కళ్లతో చూడాలి.

సినిమా చెప్పకుండా ఆపిన కథ

ఇంత ప్రేమించిన ఘటోత్కచుడి విషయంలోనే మనం జాగ్రత్తగా ఉండాల్సింది కూడా ఉంది. అతని బలమంతా ఎవరి కోసం? తమ్ముడి పెళ్లి కోసం. నిద్రపోతున్న శశిరేఖను తెచ్చేది అతను, ఆమె వేషంలో కౌరవులను ఆడించేది అతను, విందు ఖాళీ చేసి జనాన్ని నవ్వించేది అతను. చివరికి పెళ్లి జరిగేది అతని ఆశ్రమంలోనే. అడవి ఇల్లు ఇచ్చింది, శ్రమ ఇచ్చింది, నవ్వు ఇచ్చింది. తనకంటూ ఏమీ అడగలేదు.

శశిరేఖ పెళ్లి వ్యాసుడి భారతంలో లేదు, మన తెలుగు జానపదంలో పుట్టింది. ఘటోత్కచుడి చావు మాత్రం భారతంలో ఉంది. అర్జునుడి కోసం దాచిన శక్తి ఆయుధాన్ని కర్ణుడు ఘటోత్కచుడి మీద వాడాల్సి వస్తుంది. అతను కూలిపోతే పాండవులు ఏడుస్తారు, కృష్ణుడు మాత్రం సంతోషిస్తాడు. అర్జునుడు బతికాడు కదా! సినిమా పెళ్లి దగ్గరే ఆగింది కాబట్టి మనం నవ్వుకుంటూ బయటికి వచ్చాం. గోదావరి డెల్టా పొలాలకు నీళ్లు అవసరమైనప్పుడు పోలవరం కింద మునగాల్సింది కోయల, కొండరెడ్ల ఊళ్లయ్యాయి. ఆ ఊళ్లవాళ్లకు ఘటోత్కచుడి మిగతా కథ ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ పాత్రలోని ఠీవిని మనదనుకుందాం. అడిగినవాడికల్లా ప్రాణమిచ్చే అలవాటును గొప్పతనంగా మన పిల్లలకు నేర్పనవసరం లేదు.

తండ్రి, దొర, రాజు

హిరణ్యకశిపుడి పాత్ర మనల్ని ఇంకో చోట తాకుతుంది. కొడుకును గురువుల దగ్గరికి పంపాడు. ఏం నేర్చుకున్నావని ఒళ్లో కూర్చోబెట్టుకొని అడిగితే, పిల్లవాడు తండ్రికి పడని దేవుడి పేరు చెప్పాడు. రంగారావు ముఖంలో అక్కడ ముందు కనిపించేది కోపం కాదు, దెబ్బతిన్న ప్రేమ. ఆశ్రమ పాఠశాల నుంచి సెలవులకు వచ్చిన కొడుకు కోయలో పలకరిస్తే తెలుగులో జవాబు చెప్పినప్పుడు, ఇంటి వేల్పు దగ్గర నిలబడటానికి సిగ్గుపడినప్పుడు, మన గూడేల్లో ఎంతమంది తండ్రుల ముఖం అలాగే అయింది! ఆ బాధ నిజమైనది. అయితే ఆ తండ్రి చేసిన పనిని మాత్రం ఒప్పుకోలేం. మారిపోయిన బిడ్డను ఏనుగుల కింద తొక్కించబోయినవాడు తన వంశాన్నే తొక్కించుకోబోయాడు. చదువుకొని మారిన పిల్లల్ని దూరం చేసుకుంటే గూడేనికి మిగిలేది ఖాళీ స్తంభమే.

కీచకుడి దగ్గర ఇంకా ఖచ్చితంగా ఉండాలి. 'నర్తనశాల' జకార్తా చిత్రోత్సవం దాకా వెళ్లింది, కీచక పాత్రకు రంగారావు ఉత్తమ నటుడిగా గౌరవం పొందారు. నటన అంత బాగుంది కాబట్టే ప్రమాదం. ఆ దర్పం చూసి మన కుర్రవాళ్లు మీసం తిప్పితే, సావిత్రి వేసిన సైరంధ్రిని మరిచిపోయినట్టే. పేరు మార్చుకొని పరాయి ఇంట పనికి కుదిరిన ఆడది, యజమానురాలి తమ్ముడి కంట పడింది. నిండు కొలువులో మొర పెట్టుకున్నా వినేవాడు లేడు. పట్నం ఇళ్లలో పనికి వెళ్లే మన ఆడపిల్లల కథ ఇదే. ఆ సినిమాలో మన చోటు సైరంధ్రి పక్కన. రంగారావు పాత్ర కాబట్టి మనదే అనుకోవడం కుదరదు.

నేపాళ మాంత్రికుడి సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. నిధి కావాలి, దానికి బలి ఇవ్వడానికి ధైర్యవంతుడైన స్థానిక కుర్రవాడు కావాలి, అందుకు తీయటి మాటలు కావాలి. అలాంటివాళ్లు మన అడవికి వస్తూనే ఉన్నారు.

ఇక రావణుడు. సీతను ఎత్తుకుపోయిన చోటని చెప్పే పర్ణశాల మన దుమ్ముగూడెం మండలంలోనే ఉంది. మధ్య భారతంలో కొన్ని గోండు సమూహాలు రావణుణ్ణి తమ పూర్వీకుడిగా కొలుస్తాయి. ఆ మాట విన్న మన యువకులు కొందరు రంగారావు రావణుణ్ణి గర్వంగా తమవాడంటారు. కథలో ఓడినవాడి వైపు నిలబడి చూడటం మంచి అలవాటే. కానీ ఎత్తుకొచ్చిన ఆడదాని కన్నీళ్లు ఏ వైపు నుంచి చూసినా కన్నీళ్లే. రావణుణ్ణి పెద్దగా చేసుకునేవాళ్లు ఆ తప్పును కూడా మోయాలి. దాన్ని దాచి పెద్దరికం ఒక్కటే తీసుకుంటామంటే, మన చరిత్ర నుంచి మనల్ని దాచినవాళ్లు చేసిందే మనమూ చేస్తాం.

హిడింబి మాటతో ముగిస్తాను. 'మాయాబజార్'లో సూర్యకాంతం వేసిన ఆ తల్లి కాసేపే కనిపిస్తుంది. హిమాచల్‌లోని మనాలిలో ఆమెకు 1553 నాటి గుడి ఉంది. అక్కడ ఆమె దేవత, కొడుకు పూజలందుకునే వీరుడు. ఒకచోట రాక్షసి అయినది ఇంకోచోట ఇలవేల్పు అయింది. కథ ఎవరు చెప్పారన్నదాన్ని బట్టి పేరు మారింది. మాస్టార్లు ఈసారి 'మాయాబజార్' పిల్లలకు చూపించినప్పుడు, సినిమా అయ్యాక మూడు ప్రశ్నలు అడగండి. నువ్వు ఎవరి పక్కన నిలబడి చూశావు? ఎందుకు? హిడింబి ఈ కథ చెబితే ఎక్కడ మొదలుపెడుతుంది? జవాబులు కోయలో రాసినా తీసుకోండి. నోరు తిరగని మాట ఎక్కడైనా దొర్లితే, దానికి వీరతాడు వేయండి.