ఉప్పుగాలిలో రాగి

కారులో మంచి సౌండు సిస్టమ్ పెట్టించుకున్నవాళ్లని కదిలిస్తే ఊఫర్ ఎన్ని అంగుళాలో, ఆంప్లిఫయర్ ఎన్ని వాట్లో గడగడా చెబుతారు. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా కరెంటు మోసుకొచ్చే కేబులు ఏ లోహంతో చేసిందో అడిగితే మాత్రం చాలామంది ఆలోచనలో పడతారు. జలంత్రకోట నుంచి కాశీబుగ్గ మీదుగా టెక్కలి దాకా, సముద్రం పక్కనే బతికే మన ఉద్దానం వాళ్లు ముందు తెలుసుకోవలసింది దాని సంగతే.

బ్యాటరీ కరెంటుతో బండి మీద పాట మోగించే ఈ విద్యకు మన దగ్గర ఒక ముందు తరం ఉంది. వాళ్లు మైకుసెట్ల వాళ్లు. గ్రామదేవత సంబరాలకు, పెళ్లిళ్లకు, సినిమా ప్రచారానికి, ఎన్నికలకు రిక్షా మీదో జీపు మీదో హారన్ కట్టి, అహూజా ఆంప్లిఫయర్‌ని 12 వోల్టుల బ్యాటరీకి తగిలించి ఊరంతా వినిపించేవారు. కొబ్బరిచెట్టు నుంచి కొబ్బరిచెట్టుకు సన్నటి వైరు లాగి, ఊరి చివరి హారన్‌ని కూడా గణగణా మోగించేవారు. అంత సన్నటి వైరుతో అంత దూరం ఎలా సాధ్యమైందంటే, ఆంప్లిఫయర్ నుంచి హారన్లకు వెళ్లే లైను 100 వోల్టులది. 250 వాట్లు పంపినా అందులో పారేది రెండున్నర ఆంపియర్లే. అవే 250 వాట్లు 12 వోల్టుల మీద కావాలంటే దాదాపు 21 ఆంపియర్లు పారాలి. తీగలో వేడిగా పోయే శక్తి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, అదే తీగ వాడితే నష్టం దాదాపు 70 రెట్లవుతుంది. అందుకే మైకుసెట్టు మేస్త్రీ హారన్లకు పురికొస లాంటి వైరు వేసినా, బ్యాటరీ నుంచి ఆంప్లిఫయర్‌కి వచ్చే రెండు తీగలను మాత్రం లావుగా, పొట్టిగా, గట్టి బిగింపుతో పెట్టుకునేవాడు. కారు ఆడియో వైరింగు మొత్తం ఆ రెండు తీగల కథే. కాకపోతే కారులో ఆ తీగ పొట్టిగా ఉండదు. బానెట్ కింద నుంచి వెనక డిక్కీ దాకా సుమారు 5 మీటర్లు పాకాలి.

ఇప్పుడు లోహాల సంగతి. బజారులో దొరికే కేబులు ప్రధానంగా రెండు రకాలు: అచ్చమైన రాగి, రాగిపూత వేసిన అల్యూమినియం. ఈ రెండోదాన్నే కొట్లలో సీసీఏ అంటారు. పైకి రెండూ ఎర్రగానే మెరుస్తాయి. సీసీఏ కరెంటు మోసే శక్తి రాగిలో మూడింట రెండొంతులకు కాస్త తక్కువ. 500 వాట్ల డి క్లాసు ఆంప్లిఫయర్ గట్టిగా పాడుతున్నప్పుడు 50 ఆంపియర్ల దాకా లాగుతుందనుకుందాం. 4 గేజ్ కేబులు, అంటే 21 చదరపు మిల్లీమీటర్ల తీగ, 5 మీటర్ల పొడవున రాగిదైతే 0.2 వోల్టు తింటుంది. సీసీఏ అయితే 0.3 పైచిలుకు. నిజం చెప్పాలంటే ఈ పదో వంతు వోల్టు తేడాను ఏ చెవీ పట్టలేదు. రాగి వేస్తే పాట తియ్యగా వినబడుతుందని చెప్పి అమ్మేవాళ్ల మాట నేను నమ్మను. ఆక్సిజన్ లేని రాగి అంటూ ఎక్కువ ధర కట్టే సరుకుకీ మామూలు కరెంటు రాగికీ మధ్య వాహకతలో తేడా ఒక శాతం అటూ ఇటూ.

మరి రాగే ఎందుకు? మొదటి కారణం కొలతలో మోసం. అట్ట మీద 4 గేజ్ అని ఉంటుంది, ప్లాస్టిక్ తొడుగు బొటనవేలంత లావుంటుంది, లోపల తీగ మాత్రం అంతకన్నా సన్నటి 8 గేజ్‌కి మించదు. అదీ సీసీఏ అయితే అదే 50 ఆంపియర్ల దగ్గర 0.8 వోల్టు పోతుంది, 40 వాట్లు తీగలోనే వేడిగా మారతాయి. చౌక సరుకులో సీసీఏ, తక్కువ కొలత చాలాసార్లు జంటగా వస్తాయి.

రెండో కారణం మన గాలి. మొన్న సంబరాలకు ముందు మా మేనల్లుడి వ్యానులో ఊఫర్ ఉన్నట్టుండి ఆగి ఆగి కొట్టడం మొదలైతే కాశీబుగ్గలో ఒక మేస్త్రీకి చూపించాం. ఆయన ఆంప్లిఫయర్ జోలికి పోలేదు. బానెట్ ఎత్తి బ్యాటరీ దగ్గర కేబులు కొసకుండే లగ్గు విప్పి, కేబులు చేత్తో ఊపి, "ఇంత తేలిగ్గా ఉందేటి బావూ ఈ వైరు?" అన్నాడు. లగ్గు మొదట్లో సున్నం రాలినట్టు తెల్లపొడి. రెండుసార్లు అటూ ఇటూ వంచేసరికి సగం పోగులు పుటుక్కున తెగిపోయాయి. ఒక పోగును బ్లేడుతో గీరితే ఎర్రటి పొర కింద వెండిలా తెల్లటి అల్యూమినియం బయటపడింది.

ఆ తెల్లపొడి ఎక్కడిదంటే, నౌపడలో ఉప్పు పండించే గాలే ఇక్కడి ప్రతి బానెట్ కిందికీ దూరుతుంది. రాగి, అల్యూమినియం ఒకదాన్నొకటి తాకుతున్న చోట ఉప్పుతేమ చేరితే చిన్న బ్యాటరీలాంటిది తయారవుతుంది, అందులో కరిగిపోయేది అల్యూమినియమే. పైగా అల్యూమినియం మీద గాలి తగిలీ తగలగానే కరెంటును అడ్డుకునే పొర కడుతుంది. స్క్రూ కింద బిగిస్తే ఆ లోహం మెల్లమెల్లగా అణిగిపోయి బిగింపు వదులవుతుంది. వదులైన చోట వేడి, వేడికి మరింత వదులు. రాగికీ చిలుము పట్టదని కాదు, పడుతుంది. కానీ దాన్ని గీకి, కొత్త లగ్గు కొడితే మళ్లీ పని చేస్తుంది. తగరం పూసిన రాగి అయితే చిలుము కూడా అంత తొందరగా పట్టదు. పడవల వైరింగుకి వాడేది అదే. ఉద్దానం తీరంలో కారుకి కేబులు కొనేవాళ్లు డబ్బు పెట్టాల్సింది ఆ తగరం పూత మీదే అని నా గట్టి అభిప్రాయం.

అల్యూమినియాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. పొరుగునే కొరాపుట్ కొండల్లోని పంచపట్మలి గనుల బాక్సైటుతో నాల్కో తయారుచేసే లోహం అది. మన నెత్తిమీద స్తంభాల మీదుగా పోయే కరెంటు తీగలు నడుమ ఉక్కు పెట్టిన అల్యూమినియమే. అంత దూరాలకు అంత తేలికైన లోహమే తగినది. కొన్ని కార్ల కంపెనీలే బ్యాటరీ కేబులుకి దాన్ని వాడుతున్నాయి, కానీ లావు పెంచి, కొసలను ఫ్యాక్టరీలో అతికి, గాలి చొరకుండా మూసి మరీ వాడతాయి. ఆ అతుకు రోడ్డు పక్క షెడ్డులో పెట్టడం కుదరదు.

కొట్లో రాగిని పోల్చుకోవడానికి బ్లేడు గీత ఒక దారి. అగ్గిపెట్టె ఇంకోటి: సన్నటి పోగు ఒకటి మంటలో పెడితే అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, రాగికి 1085 కావాలి. నాకు అన్నిటికన్నా నచ్చినది తూకం. అరమీటరు ముక్క తొడుగు ఒలిచి తూచండి. నిజమైన 4 గేజ్ రాగి 95 గ్రాముల దగ్గర తూగాలి. సీసీఏ 40 గ్రాములు కూడా దాటదు. రాగే అయినా 60 గ్రాములే ఉంటే గేజ్‌లో దగా జరిగినట్టు. 95 గ్రాములు తూగితే ఒక్క తూకంలోనే లోహమూ, కొలతా రెండూ సరైనవని తేలినట్టు. పలాసలో జీడిపప్పు గ్రాముల లెక్కన తూచే కాటాలకు కొదవ లేదు.

కేబులు మంచిది కొన్నాక మిగిలిందంతా మేస్త్రీ చేతిపని. బ్యాటరీ నుంచి జానెడు, రెండు జానల లోపే ఫ్యూజు ఉండాలి. అది కాపాడేది ఆంప్లిఫయర్‌ని కాదు, తీగని. ఇంజను గదిలోంచి లోపలికి దూర్చే కన్నానికి రబ్బరు బుష్ లేకపోతే ఇనుప అంచు తొడుగును కోసి బాడీకి తగిలి షార్టవుతుంది. అలాంటప్పుడు ఫ్యూజు లేని కారు తగలబడవచ్చు. ఇక ఎర్తు. ప్లస్‌కి ఖరీదైన రాగి వేసి, మైనస్‌కి ఏదో ముక్క తగిలించేవాళ్లని చాలామందిని చూస్తాం. వెళ్లిన కరెంటంతా తిరిగి రావలసింది ఆ దారినే కాబట్టి ఎర్తు తీగ కూడా అంతే లావు ఉండాలి. బాడీ మీద పెయింటు ఇనుము తళుక్కుమనేదాకా గీకి, పళ్ల వాషరుతో బోల్టు బిగించి, ఆ పైన మళ్లీ రంగు పూయాలి. మన తీరంలో ఆ చివరి రంగు మానేస్తే ఒక్క వానాకాలంలో అక్కడ తుప్పు లేస్తుంది. బ్యాటరీ టెర్మినళ్ల మీద వాజలైన్ రాయడం కూడా ఉప్పుతేమను ఆపడానికే.

రాగికి ధర ఎక్కువని వెనకాడేవాళ్లు ఇంకొకటి లెక్కలో వేసుకోవాలి. కారు అమ్మేసినా ఆ కేబులు ఊడదీసి, కొసలు కత్తిరించి, కొత్త లగ్గులు కొట్టి తర్వాతి బండికి వేసుకోవచ్చు. అప్పటికీ వద్దనుకుంటే పాత సామాన్ల కొట్లో రాగిని కిలో లెక్కన రాగి ధరకే తీసుకుంటారు.