ఆ 354 వెనకాల

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో పిల్లర్ల పక్కన జిరాక్స్ దుకాణాల్లో గ్రూప్స్ పరీక్షల నోట్సులు స్పైరల్ బైండింగుతో దొంతులుగా పేర్చి ఉంటాయి. తెలంగాణ చరిత్ర నోట్సు తిరగేస్తే ఓ పేజీలో ఇవి తగులుతాయి: గోలకొండ పత్రిక, 1926, సురవరం ప్రతాపరెడ్డి. గోలకొండ కవుల సంచిక, 1934, 354 మంది కవులు. పిల్లలు కింద గీత గీసుకుని పేజీ తిప్పేస్తారు. బిట్టుకు అంతే చాలు. ఏళ్ల తరబడి పత్రికా డెస్కులో పనిచేసిన నాకు మాత్రం ఆ 354 దగ్గర చూపు ఆగిపోతుంది.

తెలంగాణలో కవులే లేరన్నట్టు అప్పట్లో ఒకరు రాశారు. ప్రతాపరెడ్డి గారు ఘాటుగా ఓ సంపాదకీయం రాసి ఊరుకోవచ్చు, ఆ కలానికి అంత పదునుంది. అలా వదిలెయ్యకుండా ఊళ్లనుంచి పద్యాలు, కవుల వివరాలు తెప్పించి అచ్చేశారు. ఇలాంటి పని ఎంత చాకిరీయో చేసినవాళ్లకే తెలుస్తుంది. అర్థంకాని చేతిరాత కూడబలుక్కోవాలి. ఊరిపేరు సరిచూసుకోవాలి. కంపోజింగులో ఒక్క ఒత్తు జారినా గణం తప్పి పద్యం కుంటుతుంది, కాబట్టి ప్రూఫు మళ్లీ మళ్లీ దిద్దాలి. నిజాం ఏలుబడిలో, ఉర్దూ రాజభాషగా ఉన్న రోజుల్లో, తెలుగు పత్రిక నడుపుతూ ఇదంతా చేశారు.

1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు ఆయనే అధ్యక్షులు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచారు. మరుసటేడాది ఆగస్టులోనే కన్నుమూశారు. నన్నడిగితే ఆయన అసలు రాజకీయం అసెంబ్లీలో కంటే సంపాదకుడి బల్ల దగ్గరే జరిగింది. 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లోనూ ఆ సంపాదకుడి చూపే. రాజుల యుద్ధాలు పక్కనపెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని కావ్యాలన్నీ గాలించారు. తెలుగులో మొదటి సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో ఆ పుస్తకానికే వచ్చింది. అందుకోవడానికి ఆయన లేరు.

ఇలా పత్రిక నుంచి ప్రజాజీవితంలోకి వెళ్లినవాళ్లు వేరేచోట్లా ఉన్నారు. సింగపూర్‌లో ఒత్మాన్ వోక్ అని మలయ్ విలేకరి ఉండేవారు. ఉతుసాన్ మెలాయు పత్రికలో పనిచేసి, 1963లో మంత్రి అయ్యారు, 1977లో ఇండొనేషియాకు రాయబారిగా వెళ్లారు. ఎదుటివాళ్లు చెప్పేది ఓపిగ్గా వినడం, విన్నది నిర్ధారించుకోవడం విలేకరికి రోజువారీ పని. రాయబారికి కావలసిందీ అదే కదా!

మళ్లీ ఆ 354 దగ్గరికి వస్తే, ఎల్‌బీ నగర్‌లో బస్సు దిగి హాస్టల్ వెతుక్కునే నల్లగొండ, సూర్యాపేట పిల్లలకు పాఠాలు చెప్పే మాస్టార్లను ఒకటి అడగాలనుంది. ఒక్కపూట గోలకొండ కవుల సంచికను క్లాసుకు తీసుకెళ్లండి. వాళ్ల జిల్లా కవులెవరైనా ఉన్నారేమో పిల్లల్నే వెతకనివ్వండి.