నారు కొనడం రావాలంటే

ఈ వారం నాకు చిరాకు తెప్పించింది ఒక వీడియో. బెంగళూరులో ఉంటున్న మా అక్క కూతురు పంపింది. కింద ఒక ముక్క రాసింది: “మామా, మీ కంబదూరులో ఎండకేం కరువు లేదు కదా, ఇంట్లోనే క్యాప్సికం నారు పోసుకోండి.” వీడియోలో ఒక దొరసాని కిటికీ పక్కన కూర్చుని ఉంది. బయట మంచు. గింజల ట్రే కింద కరెంటుతో వేడెక్కే చాప, పైన ఊదారంగు దీపం. ఆఖరి మంచు కురిసే రోజుకు ఎనిమిది పది వారాల ముందు గింజ వేయాలట. కంబదూరులో ఆఖరి మంచు ఎప్పుడు కురిసిందో నాకైతే తెలియదు. మా ఊరి గుళ్లో మల్లికార్జునస్వామిని అడగాలి. ఊళ్లో అందరికంటే పాతకాపు ఆయనే.

ఊరుగాని ఊరి సలహాల మీద నా గొడవ ఈ పేజీ చదివేవాళ్లకు కొత్తేమీ కాదు. చలిదేశాల వాళ్లు నారు ఇంట్లో పోసేది బయట చలికి గింజ మొలవదు గనుక. వాళ్లకు వేసవి మూడు నెలలే, మొక్క ఆ మూడు నెలల్లో కాయాలి గనుక. క్యాప్సికం గింజ మొలవడానికి 25 నుంచి 30 డిగ్రీల వేడి కావాలి. వాళ్లు కరెంటు బిల్లు కట్టి తెచ్చుకునే ఆ వేడి శ్రావణ భాద్రపదాల్లో మన వసారాలో ఊరికే దొరుకుతుంది. మనకు కొరత నీడ. ఆమె చూపినట్టు ట్రే తెచ్చి మనం ఎండమొహాన పెడితే మధ్యాహ్నానికి గుంతలన్నీ ఎండి చెక్క కడతాయి. ఇక్కడ నారుకు కావలసింది వేపచెట్టు నీడో, ఆకుపచ్చ నెట్టో, ఒక తడి గోనెసంచో.

ఆ వీడియోలోనే ఇంకో ఉపాయం ఉంది. అంగట్లో కొన్న కాయను కోసి అందులో గింజలే వేయమంటుంది. మనం కూరకు తెచ్చే పచ్చ కాయ ఇంకా పండనిది. లేత గింజ సరిగా మొలవదు. ఎరుపో పసుపో కొంటే గింజ ముదిరి ఉంటుంది గానీ, ఆ కాయలు ఎక్కువగా పాలీహౌసుల్లో పండే సంకర రకాలవి. వాటి పిల్లలకు తల్లి పోలిక ఉండదు. పైగా క్యాప్సికం అంటే వేరే జాతి ఏమీ కాదు, కారం పుట్టించే జన్యువు దెబ్బతిన్న మిరపే. పక్కన బజ్జీ మిరప ఉండి తేనెటీగ అటూ ఇటూ తిరిగిందంటే ఆ ఏడు కాయ తియ్యగానే ఉంటుంది, దాని గింజ వేస్తే వచ్చే ఏడు మొక్కలో కారం లేస్తుంది. ఉగ్గానిలోకి బజ్జీ వేసుకునే మనకు అది నష్టమేం కాదనుకోండి. కానీ పోసింది క్యాప్సికం నారని చెప్పుకోకూడదు.

సరే, గింజ మంచిదే దొరికిందనుకుందాం. ఈ మొక్క గుణం చూడండి. పగలు పాతిక డిగ్రీల చుట్టూ, రాత్రి 16 నుంచి 18 మధ్య ఉంటే హాయిగా కాస్తుంది. 35 దాటితే పూత రాలుస్తుంది. మన ఏప్రిల్ నలభై దాటే నెల. ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అదీ వచ్చిన ఏడు. పేరూరు డ్యాం కట్టిందగ్గర్నుంచి నిండిన ఏళ్లను జనం పండగల్లా గుర్తుపెట్టుకుంటారు. “నారు పోసినవాడు నీరు పోయడా” అన్న సామెత ఏ కృష్ణా ఒడ్డునో పుట్టి ఉంటుంది. ఆ సామెతను నమ్ముకుని బోరు మీద బోరు వేసి, భూమినీ భార్య మెడలో బంగారాన్నీ పోగొట్టుకున్నవాళ్లు మన వైపు ప్రతి ఊళ్లో ఉన్నారు. మళ్లీ బోర్ల దగ్గరికే వచ్చాడ్రా అనుకుంటున్నారా? టెంకాయ అరచేతిలో పెట్టుకుని నీళ్లు చూసేవాళ్ల మీద నేను రాసినప్పుడు నాలుగు పేజీల ఉత్తరంతో నన్ను ఉతికిన కల్యాణదుర్గం పెద్దాయన ఈసారి కూడా రాస్తాడు. రాయనివ్వండి.

అందుకని నేను మా అక్క కూతురికి జవాబు రాయడం మొదలుపెట్టాను. “ఇక్కడ ఇది పని లేనివాళ్ల పని. కావాలంటే నర్సరీలో ముప్పై అయిదు రోజుల నారు దొరుకుతుంది, కొనుక్కుంటాం.” అంతవరకు రాసేసరికి మా అవ్వ గుర్తొచ్చింది. ఇక జవాబు ముందుకు సాగలేదు.

మా అవ్వ మిరపనారు పోసేది. కపిల బావి దగ్గర, కాలువ మొదట్లో, నాలుగు మూరల మడి. నేల కంటే జానెడు ఎత్తు కట్టించేది, వాన పడ్డా నీళ్లు నిలవకుండా. పాత గొర్రెల ఎరువును పొడి కొట్టి, జల్లెడ పట్టి, మట్టిలో కలిపేది. గింజ తన సొంతం. పోయినేడు తోటలో మంచి చెట్టు చూసి, మధ్య కాపులో పండిన కాయలు కోసి, ఎండబెట్టి, గింజ తీసి, బూడిద రాసి కుండలో పెట్టేది. బూడిదంటే చీమలకు భయం. చల్లేటప్పుడు సన్న ఇసుక కలిపేది, గింజ ఒకచోటే కుప్పగా పడకుండా. పైన కొర్రగడ్డి పలచగా కప్పి, చెంబు మూతికి వేళ్లు అడ్డంపెట్టి నీళ్లు చిలకరించేది. మొలక కనపడిన రోజు సాయంత్రం గడ్డి తీసేది. పొద్దున తీస్తే ఎండకు మొలక బెదురుతుందట. ఒక్కరోజు ఆలస్యమైనా కుదరదు, కప్పు కింద మొలక సన్నగా సాగిపోతుంది. ఈ రెండు సంగతులూ ఇవాళ శిక్షణ తరగతుల్లో చెబుతున్నారు.

నారు పీకేది ఇంకా ముచ్చట. ముందురోజు మడి తడిపి, మర్నాడు ఎండ తగ్గాక కూర్చునేది. ప్రతి మొక్కా చేతిలోకి తీసుకుని ముందు వేరు చూసేది. వేరు తెల్లగా, నిటారుగా ఉంటే కట్టలోకి, వంకర పోయిందీ గోధుమరంగు తిరిగిందీ గట్టు మీదికి. బాగా ఎత్తుగా, పచ్చగా నిగనిగలాడేవాటిని కూడా పారేసేది. చూస్తున్న మాకు ప్రాణం ఉసూరుమనేది. “ఆకు అబద్ధం చెప్తాది రా, వేరు చెప్పదు” అనేది.

మిగిలిన నారు కోసం ఊరంతా వచ్చేవాళ్లు. అవ్వ అమ్మేది కాదు. నారు అమ్మడం ఆమె లెక్కలో తప్పు. అట్లని ఊరికే ఇచ్చేదీ కాదు. అడిగినవాళ్లను నిలబెట్టి ప్రశ్నలేసేది. దుక్కి చేసినావా? ఎరువు తోలినావా? కపిల వంతు ఎప్పుడు? నీళ్లెవురు కడతారు? “రేపో మాపో దున్నుతానవ్వా” అన్నవాడికి నారు దక్కేది కాదు. “దున్నినాక రాపో నాయనా” అనేది. ఆమెకు కోపం తెప్పించి ఉత్త చేతులతో పోయినవాళ్లలో ఊరి పెద్దరెడ్డి పాలేరూ ఉన్నాడు, మా సొంత చిన్నాయనా ఉన్నాడు. ఇవాళ ఏ బ్యాంకూ, ఏ సబ్సిడీ ఆఫీసూ రైతును అడగని ప్రశ్నలు ఆమె పిడికెడు మిరపనారు ఇవ్వడానికి అడిగేది.

ఆ మడి ఎప్పుడు పోయిందో చెప్పడం కష్టం. చెనిక్కాయ చేలన్నీ ఆక్రమించింది. చెనిక్కాయకు నారు అక్కర్లేదు, గొర్రు వెంబడి గింజ నేరుగా నేలలో పడుతుంది. పదునైతే విత్తడం, లేదంటే ఆకాశం వైపు చూడడం. బావులు ఎండాయి, కపిలలు పోయాయి, బావిగట్టున మడీ పోయింది. రెండు తరాలు నారు మొహం చూడకుండా సేద్యం చేశాయి. ఈలోపు గింజ కథ కూడా మారింది. 1973లో బెంగళూరు కంపెనీ ఒకటి ‘భారత్’ అనే సంకర క్యాప్సికం తెచ్చింది. ఆ తర్వాత ఎన్నో వచ్చాయి. సంకర గింజ ఖరీదు. ఇసుకలో కలిపి చల్లడానికి చేతులు రావు. గ్రాముకు 150 దాకా తూగే గింజలను ఒక్కోటీ ఒక్కో గుంతలో పెట్టాలి. అందుకే ప్రోట్రేలు, కొబ్బరిపొట్టు, నెట్ల కింద నర్సరీలు. మళ్లీ డ్రిప్పు వేసి టమాటా, మిరప, క్యాప్సికం మొదలుపెట్టేనాటికి నారు వ్యానులో ఇంటి ముందు దిగే సరుకైంది. ఇది మంచిదే. ట్రేలో పెరిగిన మొక్క వేరు తెగకుండా మట్టిలోకి వెళ్తుంది, వాలిపోకుండా నిలబడుతుంది. మా అవ్వ మడిలో అది సాధ్యం కాదు.

మరి నాకేం నొప్పి? ఈ వారమే తెలిసిన రైతు ఒకాయన ఫోన్ చేశాడు. షేడ్‌నెట్ వేశాడు, క్యాప్సికం నారు వచ్చింది. గొంతులో సంతోషం. “నారు బలే ఉందన్నా, ట్రేలోనే మొగ్గ కూడా వచ్చేసింది.” నా గుండె జారింది. ట్రేలో మొగ్గ వచ్చిందంటే నారు ముదిరిపోయిందని. చిటికెడు పొట్టులో పోవడానికి దారి లేక వేరు చుట్ట చుట్టుకుని ఉంటుంది. అట్లాంటి మొక్క నేలలో నాటాక పెరగదు, నాలుగు గిడస కాయలు కాసి ఆగిపోతుంది. నాలుగైదు ఆకులతో, ఇంకా పంగ చీలకుండా, లాగితే పొట్టు రాలకుండా తెల్లటి వేళ్లతో గుంత ఆకారంలోనే ఊడి వచ్చేదే నారు. ఆయన సంతకం పెట్టి దింపుకున్నాడు. ఎకరాకు పదహారు వేల నుంచి ఇరవై వేల మొక్కలు పడతాయి. వ్యాను డ్రైవర్ తొందరపెడుతుంటే పది నిమిషాల్లో తేల్చాలి, ఇది ఉంచుకోవాలా, వెనక్కి పంపాలా అని. ఎన్నడూ నారు పోయని కన్ను ఆ పది నిమిషాల్లో ఏం చూస్తుంది? పచ్చగా ఉందా, ఎత్తుగా ఉందా, అంతే. మా అవ్వ గట్టు మీదికి విసిరేసింది సరిగ్గా వాటినే.

మా అక్క కూతురికి రాసిన జవాబు చింపేశాను. ఇంట్లో క్యాప్సికం నారు పోయాల్సిందే. ఆమె చెప్పిన కారణానికి కాదు. కాయల కోసం అసలే కాదు. ఆ పది నిమిషాల్లో నారును తేల్చే కన్ను రావడం కోసం.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ కరువు మెట్టలో నీళ్ల బాధ లేని సేద్యం ఏదైనా ఉంటే అది నారు దశే. ఒక ట్రేకు రోజుకు చెంబో రెండు చెంబులో చాలు. కాయ కాసే వేళ బోరు మోసం చేస్తుందేమో గానీ, నారుకు సరిపడా నీళ్లు మన ఇంట్లో అంట్ల తొట్టి పక్కనే ఉంటాయి.

పద్ధతి పెద్దదేం కాదు. 98 గుంతల ట్రే ఒకటి, కిలో పైచిలుకు కొబ్బరిపొట్టు. పొట్టును ముందు రెండుసార్లు మంచినీళ్లతో కడగండి, అందులో ఉప్పు ఉంటుంది. మన బోరు నీళ్లూ ఉప్పే. వాననీళ్లు పట్టుకుంటే మేలు. నేర్చుకోవడానికి ఖరీదైన సంకర గింజ ఎందుకు, కాలిఫోర్నియా వండరో, హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క మోహినో చాలు. అర సెంటీమీటరు లోతున గుంతకొక గింజ. పైన పాలిథిన్ కప్పి నీడలో పెట్టండి. వారం, పది రోజుల్లో మొలుస్తుంది. మొదటి మొలక కనపడ్డ సాయంత్రమే కప్పు తీసేయండి. తర్వాత సన్నని దోమతెర వేయండి. 2021లో మిరప తోటలను ఊడ్చేసిన తామర పురుగు నారును కూడా వదలదు. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. రెండూ మీ కంటితో చూసి తేడా పట్టుకోండి. నీళ్లు పొద్దుటిపూట, పొట్టు పైన ఆరిందని వేలితో చూశాకే. ప్రేమకొద్దీ పోసే నీళ్లే నారుకుళ్లు తెస్తాయి. మొదలు నానినట్టై మొక్క పక్కకు వాలితే ఆ గుంతలు తీసి పారేసి, లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి తడపండి. ఆఖరి వారం నీళ్లు తగ్గించి, కొంచెం కొంచెంగా ఎండ చూపించండి.

ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో పోస్తే అక్టోబరులో నాటొచ్చు, కాపు చలిరోజుల్లో పడుతుంది. పెరట్లో నాలుగు మొక్కలు బతికితే చెనిక్కాయల పొడి వేసి కూర చేసుకోండి. బతకకపోయినా సరే. అన్నింటికంటే ముఖ్యం, కొన్ని గుంతలను కావాలని అలాగే ఉంచేయండి. నలభై అయిదో రోజున, యాభై అయిదో రోజున లాగి వేరు చూడండి. ముదురు నారు అంటే ఏమిటో ఏ పుస్తకమూ అంత బాగా చెప్పదు.

షేడ్‌నెట్ వేయాలనుకుంటున్న ప్రతి ఇంటికీ నా మనవి ఇదే. ముందు ఒక ట్రే నారు పోయండి, ముప్పై అయిదు రోజులు దాన్ని సాకండి, ఇంటిల్లిపాదీ వేరు చూడడం నేర్చుకోండి. రుణానికి దరఖాస్తు ఆ తర్వాత పెట్టండి.