నిహోంగోకు శనార్తి

నిహోంగో, జపాన్ భాషా, నీకు శనార్తి.

శ్రీశైలం రోడ్డు మీద కొట్ర చౌరస్తా కాడ పక్కకు మళ్ళితే వచ్చే కల్వకుర్తి నుంచి ఈ శనార్తి. పల్లికాయ చెల్కలూ పత్తి చేన్లూ ఉన్న ఊరు, మిరుగు కార్తె ఎప్పుడొస్తుందా అని మొగులు దిక్కు చూసే ఊరు నీకు దండం పెడుతోంది. ఎందుకంటే నువ్వు మమ్మల్ని ఇంగ్లీషు వచ్చా అని అడగవు.

"ఇంగ్లీషే సక్కగ రాదు, ఇంక జపాన్ భాష ఏడొస్తది" అని మా దగ్గర ఒక దిగులు మాట ఉంది. తెలుగు మీడియంలో చదివిన పిల్లల నోట అది మరీ ఎక్కువ. దానికి జవాబు నీ దగ్గరే ఉంది. ఆ జవాబు కోసమే నిన్ను పొగుడుతున్నాను.

నీ నోట్లో ఒక 'చు' ఉంది. చుక్కలో చు అది, చుట్టంలో చు, చుట్టలో చు. నాలుక కొస పంటి వెనక తాకి జారే ఆ చప్పుడును ఇంగ్లీషు వాళ్ళు రెండక్షరాలు జోడించి రాసుకుంటారు, అయినా పదం మొదట్లో వస్తే పలకలేక అవస్థ పడతారు. కల్వకుర్తి అంగట్లో చుక్కకూర కట్టలు ముందేసుకుని కూర్చున్న అవ్వ ఒక్క కేకేస్తే చాలు, నీ అక్షరం నిండుగా పలుకుతుంది. నీ 'జ' మా జొన్నలో ఉంది. 2004 డిసెంబరులో సముద్రం లేచి తీరాలను ముంచినప్పుడు నీ మాట ఒకటి మా పత్రికల్లోకి 'సునామీ'గా వచ్చి కూర్చుంది. ఇంగ్లీషు మీదుగా వచ్చింది కాబట్టి మొదటి అక్షరం దారిలోనే అరిగిపోయింది. నీ నోటి నుంచి నేరుగా విని ఉంటే చుక్కలో చుతో 'చునామీ' అనే వాళ్ళం. ఒక్క మాటకే ఇంత నష్టమైతే, నిన్ను మొత్తంగా ఇంగ్లీషు మీదుగా మోసుకొచ్చుకుంటే ఎంత రాలిపోతుందో!

నీ సున్నకు దండం. పంపులో సున్న పెదవులు మూయిస్తుంది, కంచెలో సున్న నాలుకను అంగిలికి తగిలిస్తుంది, వంకాయలో సున్న గొంతు దాకా పోతుంది. రాసేది ఒకే గుర్తు, పలికేది పక్కన వచ్చే అక్షరాన్ని బట్టి. నీకూ సరిగ్గా అలాంటి అక్షరం ఒకటుంది. వాహ్యాళికి 'సంపో' అన్నప్పుడు అది మ్ అవుతుంది, యాపిల్ పండుకు 'రింగో' అన్నప్పుడు గొంతులోకి జారుతుంది. నీ పేరు నడుమ ఉన్నదీ అదే. ఈ సంగతిని ఇంగ్లీషులో చెప్పడానికి పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తీసుకుంటాయి. మా ఒకటో తరగతి పిల్ల దాన్ని పలక మీద ఎప్పుడో దిద్దేసింది.

నీ ఒత్తులకు, నీ దీర్ఘాలకు దండం. 'కితె' వేరు, 'కిత్తె' వేరు. మొదటిది వచ్చి అనే మాట, రెండోది పోస్టు స్టాంపు. 'ఒబసన్' అంటే అత్తో పిన్నో, 'ఒబాసన్' అంటే అవ్వ. బా దీర్ఘం తీయడం మరిచిన తెల్లదొర జపాన్ అవ్వల వయసు ఒక తరం తగ్గించి పారేస్తాడు (అవ్వలు ఏమీ అనుకోరేమో కూడా). గుణింతం చదివిన తెలుగు చెవికి ఆ తేడా నేర్పే పని లేదు. నీ 'న్'ను పక్కన పెడితే, మాట చివర హల్లు మిగిలితే నీకూ మాకూ తోచదు. బస్ అని ఇంగ్లీషు వాడు కత్తిరించి వదిలిన మాటకు మేం ఉకారం తగిలించి బస్సు అన్నాం, నువ్వు 'బసు' అన్నావు. మేం హోటలు అంటే నువ్వు 'హొతెరు' అన్నావు. ఎరువు తెచ్చుకున్న మాటనైనా అచ్చుతో సాగనంపడం ఇద్దరికీ అలవాటు.

నీ అక్షరాల వరుసకు మరీ పెద్ద దండం, ఎందుకంటే ఆ వరుస పుట్టింది మా దిక్కునే. అ, ఇ, ఉ, ఎ, ఒ. తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. స ఉన్న చోట చ పెట్టి చదవండి. హ వరుసను నీ పాతకాలపు జనం ప అనే పలికేవాళ్ళు. అప్పుడు క, చ, త, న, ప, మ, య, ర, వ. మా వర్ణమాలే కదా! బౌద్ధ భిక్షువులు సంస్కృత మంత్రాల కోసం సిద్ధం లిపి నేర్చుకున్నారు. కూకై అనే ఆచార్యుడు 806లో చైనా నుంచి తిరిగి వస్తూ ఆ విద్యను వెంట తెచ్చాడు. భారతదేశపు శబ్దశాస్త్రం అలా చేరి, నీ అక్షరాలను నోటి లోపలి నుంచి పెదవుల దాకా వరుసలో నిలబెట్టింది. జపాన్ బౌద్ధులు ఎనిమిది శాఖల మూలపురుషుడని కొలిచే 'ర్యూజు' ఎవరో కాదు, ఆచార్య నాగార్జునుడు. ఆయన ఉన్నాడని చెప్పుకునే శ్రీపర్వతం మాకు దూరం కాదు. మా ఇరుగు నల్లగొండ జిల్లాలోని సాగర్‌కు ఆయన పేరే ఉంది.

ఒనో సుసుము అనే జపాన్ పండితుడు ఇంకా ముందుకు పోయి, నీకూ తమిళానికీ రక్త సంబంధమే ఉందని పుస్తకాలు రాశాడు. భాషా శాస్త్రవేత్తల్లో ఎక్కువ మంది ఒప్పుకోలేదు. నాకూ ఆ చుట్టరికంతో పనిలేదు. నీ వాక్యం నడిచే తీరు చాలు.

క్రియను నువ్వు వాక్యం చివర కూర్చోబెడతావు, మా లాగే. విభక్తిని నామవాచకం వెనక తగిలిస్తావు, మా లాగే. 'నిన్న వచ్చిన మనిషి' అనడానికి 'కినో కిత హితొ' అంటావు. నిన్న, వచ్చిన, మనిషి. మూడు మాటలకు మూడు మాటలు, వరుస కూడా అదే. ఇంగ్లీషులో మనిషిని ముందు నిలబెట్టి, 'ఎవరైతే' అని ఒక కొక్కెం వేసి, వచ్చిన సంగతి ఆ తర్వాత చెప్పాలి. 'వస్తనని చెప్పిండు' అనే మాటకు 'కురు తొ ఇత్త' అంటావు. ఆ 'తొ' మా 'అని'. 'తబెతె మిరు' అంటే అక్షరాలా తిని చూడడం. రుచి చూడడాన్ని కంటి పనిగా చెప్పే వాళ్ళం మేమొక్కళ్ళమే అనుకున్నాం ఇన్నాళ్ళూ. ఇంక 'మొత్తె కితె' దగ్గరికి వస్తే నవ్వొస్తుంది. పట్టుకొని రా అని దాని అర్థం. మా ఇళ్ళల్లో అదే మాటను 'పట్కరా' అని ముద్ద చేసి విసురుతారు. చెంబు పట్కరా, చీపురు పట్కరా, పోయి మీ నాయనను పట్కరా. మా పాలమూరు పిల్ల ఈ వ్యాకరణాన్ని రోజూ అవ్వ నోట వింటూనే ఉంది.

లెక్క పెట్టడంలోనూ నీ మర్యాద నచ్చింది. మేం రెండు చెట్లు అంటాం కానీ రెండు మనుషులు అనం, ఇద్దరు అంటాం. నువ్వూ మనుషులకు 'హితొరి, ఫుతరి' అని వేరే లెక్క దాచి ఉంచావు. అక్కడితో ఆగితే బాగుండేది. పెన్సిలు లాంటి పొడుగు వస్తువులకు ఒకటి, కాగితం లాంటి పలచనివాటికి ఒకటి, పిల్లికీ చేపకూ మరొకటి అని నువ్వు పెంచుకున్న ఆ లెక్కల సంతానం మాత్రం నేర్చేవాళ్ళ ఉసురు పోసుకుంటుంది.

నీతో మాకు అసలు కష్టం వేరే చోట ఉంది. మా దగ్గర అవ్వనూ నువ్వు అంటాం, తాతనూ నువ్వు అంటాం. 'ఏమే అవ్వా, మంచిగున్నవా' అనే మాటలో ఎంత ప్రేమ ఉందో అంత గౌరవమూ ఉంది. నీ దగ్గర అలా కాదు. మామూలుగా తింటే 'తబెరు', పెద్దలు తింటే 'మెషియగరు', పెద్దల ముందు మనం తగ్గి తింటే 'ఇతదకు'. ఒక్క ముద్దకు మూడు క్రియలు. వ్యాకరణం ఇంటి వసారా దాకా చేతులు పట్టుకుని తెచ్చి, మర్యాద గడప దగ్గర నిలబెడతావు. అక్కడ పాలమూరు నాలుక తడబడుతుంది. తడబడనీ. ఎవరి ఎదుట ఎంత వంగాలో నేర్చుకోవడానికి జపాన్ పిల్లలకే ఉద్యోగంలో చేరేదాకా టైం పడుతుంది.

ఇక నీ రాత సంగతి. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణ నీళ్ళు మా మెట్టకు ఒక్క ఊపున రావు. ఎల్లూరు దగ్గర ఒకసారి, జొన్నలబొగుడ దగ్గర మరోసారి, గుడిపల్లిగట్టు దగ్గర ఇంకోసారి పైకి ఎత్తిపోస్తేనే కాలువెక్కుతాయి. నీ లిపి కూడా అలాగే మూడు ఎత్తులు. 46 అక్షరాల హిరగానా, మళ్ళీ 46 అక్షరాల కతకానా, ఆ పైన కాంజీ. 2010లో సవరించిన పట్టిక ప్రకారం నిత్యం వాడే కాంజీలే 2,136. మొదటి రెండు ఎత్తులు తొందరగానే దాటొచ్చు. మూడోదాని దగ్గర మోటర్లు కాలిపోతాయి. అయినా ఆ గుర్తుల్లో ఒకటి చూసినప్పుడు నాకు ప్రాణం లేచొస్తుంది. వరి మడికి చైనా నుంచి తెచ్చుకున్న గుర్తు నీకు ఉండేది, నాలుగు గళ్ళు గీసిన చదరం. మెట్ట చేనుకు లేదు. అప్పుడు నీ రైతులూ రాతగాళ్ళూ ఆ చదరం పక్కన నిప్పు గుర్తు పెట్టి 'హతకె' అనే కొత్త అక్షరాన్ని తయారు చేసుకున్నారు. పొలం వేరు, చెల్క వేరు అని తెలిసిన జనం మేం. నీరు లేని నేలకు సొంతంగా అక్షరం చేసుకున్న భాషకు ఈ ఎర్ర చెల్కల నుంచి దండం పెట్టక ఏం చేస్తాం? పని చేయడానికి రాసే గుర్తు కూడా నీ దగ్గర తయారైందే అంటారు, మనిషి పక్కన కదలిక.

పని అంటే పాలమూరు వలస గుర్తుకు రావాల్సిందే. గుంపు మేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెడితే తట్టా పారా సర్దుకుని, ముసలోళ్ళనూ పసిపిల్లలనూ ఇంటికాడ వదిలి, బొంబాయి దాకా పోయిన జనం వీళ్ళు. కట్టిన కట్టల మీద, తవ్విన కాలువల మీద వీళ్ళ పేర్లు లేవు, అందరికీ కలిపి 'పాలమూరు లేబర్' అనే ఒక్కటే పేరు. పోయిన చోటి భాష రాదు, మేస్త్రీ చెప్పిందే కూలి లెక్క. నువ్వు మాత్రం నీ గడప తొక్కాలంటే ముందు నీ మాట నేర్వాలన్నావు. నైపుణ్యం ఉన్న పనివాళ్ళ కోసం జపాన్ 2019 ఏప్రిల్‌లో కొత్త వీసా తెచ్చింది, 2021 జనవరిలో మన దేశంతో ఒప్పందం చేసుకుంది. దానికి జపాన్ భాషలో ఎన్4 స్థాయి పరీక్షైనా పాస్ కావాలి, జేఎఫ్‌టీ బేసిక్ అయినా పాస్ కావాలి. ముసలివాళ్ళను చూసుకునే 'కైగో' పనికి ఆ పైన ఇంకొక భాషా పరీక్ష. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ హైదరాబాదులో నర్సులకు నిన్ను నేర్పిస్తోంది. ఈ పరీక్షలు అడ్డుగోడలని కొందరు విసుక్కుంటారు. నాకు అవి కూలీకి దక్కిన మర్యాదగా కనిపిస్తాయి. మాట వస్తే మోసం ఆగిపోతుందని కాదు. నీ దేశంలో శిక్షణార్థుల పేరుతో పిలిపించి సతాయించిన కథలు చాలానే ఉన్నాయి, ఆ శిక్షణ పథకాన్ని మార్చేస్తూ 2024లో అక్కడి పార్లమెంటు చట్టమే చేయాల్సి వచ్చింది. కానీ ఇది అన్యాయమని వాళ్ళ భాషలోనే చెప్పగల కూలీని గోడ పక్కన నిలబెట్టి లెక్క మార్చడం అంత సులువు కాదు.

ఇప్పుడు నీ అవ్వల దగ్గరికి వస్తాను. నీ దేశంలో నూటికి సుమారు 29 మంది 65 ఏళ్ళు దాటినవాళ్ళు. వాళ్ళ మంచం పక్కన కూర్చోవాల్సింది మా పిల్లలే కావచ్చు. ఆ అవ్వ మోకాలు పట్టుకుని 'జుకిజుకి' అంటుంది. పాఠ్యపుస్తకం ఇంగ్లీషులో దానికి రెండు మాటల అర్థం రాసి ఊరుకుంటుంది. గోరుచుట్టు లేచిన వేలు రాత్రంతా ఎలా సలపరిస్తుందో తెలిసిన పిల్లకు అర్థం అక్కర్లేదు. 'హిరిహిరి' అంటే సురసుర మండుతోందని, 'చికుచికు' అంటే సూదులు గుచ్చుతున్నాయని, 'గంగన్' అంటే నెత్తి పగిలిపోతోందని చెవే చెప్పేస్తుంది. కాళ్ళు గుంజుతున్నయని, నడుం పోట్లు పొడుస్తున్నదని, కండ్లు చిమచిమలాడుతున్నయని మూల్గే నాయనమ్మ పక్కలో పెరిగిన పిల్ల కదా. నొప్పికి పదికి ఎన్ని మార్కులు వేస్తావని రోగిని అడిగే చదువు వేరు. నొప్పి ఏ చప్పుడు చేస్తుందో వినే చదువు నీదీ మాదీ. వాన కూడా అంతే. నీకు పెద్ద వాన 'జాజా' అని, ముసురు 'షితోషితో' అని కురుస్తుంది. మాకు చిటపటా, జలజలా. మిరుగు ఎదురుచూసే జూన్‌లోనే నీకూ వానకాలం దిగుతుంది. నీకు విసుగొచ్చేదాకా కురుస్తుంది, మాకు మొగులు మీద ఆశే మిగులుతుంది.

అయినా ఇన్నేళ్ళూ నిన్ను మేం నేరుగా పలకరించలేదు. మా కవులు హైకూను ఎక్కువగా ఇంగ్లీషు అనువాదాల్లోనే చదువుకున్నారు. తెత్సుకో కురొయనగి 1981లో పుస్తకంగా తెచ్చిన తొత్తోచాన్ కథ తెలుగులో 'రైలుబడి'గా ఎందరు టీచర్ల మనసు మార్చిందో చెప్పలేం, కానీ ఆ పిల్ల అసలు గొంతు విన్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కకొస్తారు. హైదరాబాదులో ఇఫ్లూ అనే భాషల విశ్వవిద్యాలయం ఉంది, కంది దగ్గర జపాన్ సాయంతో ఎదిగిన ఐఐటీ ఉంది, రెండు చోట్లా నిన్ను నేర్పుతున్నారు. అక్కడికి చేరిన పిల్లలకు ఇంగ్లీషు ముందే వచ్చి ఉంటుంది. 80 కిలోమీటర్లకు పైగా దూరంలో, కల్వకుర్తి జూనియర్ కాలేజీ గేటు దగ్గర నిలబడ్డ పిల్ల సంగతే నాకు కావాలి.

అందుకే నిహోంగో నేర్చిన తెలుగువాళ్ళకు ఒక మనవి. టోక్యోలో, ఒసాకాలో, నగోయాలో ఉన్న అన్నలూ అక్కలూ, జపాన్‌లో ఉండి వచ్చినవాళ్ళూ, తెలుగు వాక్యం పైన, జపాన్ వాక్యం కింద పెట్టి ఒక వ్యాకరణం రాయండి. నడుమ ఇంగ్లీషును కూర్చోబెట్టకండి. తబెతె మిరు పక్కన తిని చూడు అని రాయండి, మొత్తె కితె పక్కన పట్కరా అని రాయండి. కల్వకుర్తి, అచ్చంపేట, దేవరకొండ కాలేజీల్లో ఎవరైనా సాయంత్రం పూట ఒక గది ఇప్పించండి. ఎన్4 పరీక్ష ఏటా జూలైలోనూ డిసెంబరులోనూ మొదటి ఆదివారం జరుగుతుంది. దాని ప్రశ్నలన్నీ జపాన్ భాషలోనే ఉంటాయి, ఇంగ్లీషులో అడిగే ప్రశ్న ఒక్కటీ ఉండదు.