వాచికం ఏ భాషలో? – రాజకుమారి ర్యాప్ గురించి

శ్వేత ఎల్లాప్రగడ రావు అంటే మన విద్యార్థుల్లో ఎక్కువమందికి తెలియకపోవచ్చు. రాజకుమారి అంటే తెలుస్తుంది. 2019లో వచ్చిన ‘గల్లీ బాయ్’ సినిమాలో ఆమె తన సొంత పేరుతోనే కాసేపు కనిపించింది. అదే ఏడు ఎంటీవీ ‘హసల్’ పోటీకి న్యాయనిర్ణేతగా కూచుంది. 2023లో ‘జవాన్’ సినిమాకి ర్యాప్ పాడింది. 1986లో కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో తెలుగు తల్లిదండ్రులకు పుట్టింది. ఇంటిపేరులోని ‘ప్రగడ’ అంటే మంత్రి. పాత తెలుగులో ప్రెగ్గడ, కన్నడంలో పెర్గడె, హెగ్గడె ఒకే మాటకు రూపాలు. మంత్రిగారి ఇంటిపేరు గల అమ్మాయి రాజుగారి కూతురి పేరు పెట్టుకుందన్నమాట.

ఆమె గురించి ఇక్కడ రాయడానికి ఆమె ప్రసిద్ధి కారణం కాదు. తెలుగుదేశం బయట పుట్టి పెరిగిన పిల్లకు తెలుగు వారసత్వంలో ఏది అందుతుంది, ఏది అందదు అన్న ప్రశ్నకు ఆమె పాటలు మంచి ఉదాహరణ. ఆ ప్రశ్న కాలిఫోర్నియాకి ఎంత వర్తిస్తుందో కోలారు జిల్లాకి, అందులో బేతమంగళ వంటి ఊరికీ అంతే వర్తిస్తుంది. జవాబు మాత్రం రెండుచోట్లా ఒకటి కాదు.

ఆమె చిన్నతనంలోనే కూచిపూడి, భరతనాట్యం, కథక్ నేర్చుకుంది. ఐదో తరగతిలో ఉండగా ఫ్యూజీస్ బృందం వారి ‘ద స్కోర్’ (1996) విని హిప్ హాప్ మీద మోజు పడింది. పద్నాలుగో ఏట ‘ఇండియన్ ప్రిన్సెస్’ అని పేరు పెట్టుకుని ఆశువుగా ర్యాప్ చెప్పడం మొదలుపెట్టింది. రాజకుమారి అన్నది తరవాత వచ్చిన పేరు. ఈ వరస గమనించండి. ముందు ఇంగ్లీషు పేరు, తరవాత దేశి పేరు. మనకు కథల్లో, సినిమాల్లో చిరపరిచితమైన ఆ సమాసం ఇక్కడ అనువాదంగా వచ్చింది. ఆమె కళలో చాలా భాగం ఇలాగే, ఇంగ్లీషులో మొదలై వెనక్కి నడిచి ఇంటికి చేరుకునే ప్రయత్నం.

వృత్తి విషయం క్లుప్తంగా చెప్పుకుందాం. మొదట ఇతరులకు పాటలు రాసింది. ఇగ్గీ అజేలియా పాడిన ‘ఛేంజ్ యువర్ లైఫ్’ (2013), ఫాల్ అవుట్ బాయ్ బృందం పాడిన ‘సెంచరీస్’ (2014) రాసినవాళ్లలో ఆమె ఒకతె. 2016లో ఎపిక్ సంస్థ ద్వారా ‘ద కమప్’, 2017లో ముంబై ర్యాపర్ డివైన్‌తో కలిసి ‘సిటీ స్లమ్స్’, 2019లో ‘బ్లడ్‌లైన్’, 2020లో ‘ఎన్నారై’ వచ్చాయి. 2022లో ‘గాడ్‌మదర్ రికార్డ్స్’ అని సొంత సంస్థ పెట్టుకుంది. 2023లో తొలి పూర్తి ఆల్బం ‘ద బ్రిడ్జ్’ విడుదల చేసింది. ఈ రంగంలో ‘స్వతంత్ర’ అన్న విశేషణానికి అర్థం చాలా లౌకికమైనది: రికార్డింగు మీద హక్కు ఎవరిది, పాట ఎప్పుడు బయటికి రావాలో తేల్చేది ఎవరు అన్నంతవరకే. ఏ భాషలో పాడాలన్నది ఆ ఒప్పంద పత్రాల్లో ఉండదు. దాన్ని బజారు నిర్ణయిస్తుంది.

ఇక అసలు విషయం, లయ. ర్యాప్ అంటే దరువు మీద పేర్చిన మాట. సాధారణంగా నాలుగు దెబ్బల ఆవృతం, దెబ్బకు నాలుగు భాగాలు, మొత్తం పదహారు. నాట్యం నేర్చినవాళ్లకు ఇది ఆదితాళంలో సగం. ఈ పదహారును నాలుగు ‘తకధిమి’లుగా చెప్పవచ్చు. నాలుగు ‘తకిట’లు చెప్పి ఒక ‘తకధిమి’తో ముగించినా లెక్క పదహారే. మారేదల్లా ఊనిక పడే చోటు. దెబ్బ ఇక్కడ పడుతుందని శ్రోత ఎదురు చూస్తుంటే మాట దానికి ముందో వెనకో పడుతుంది. శ్రోత కంగారుపడేలోగా మళ్లీ సమానికి వచ్చి కలుస్తుంది. మృదంగం వాయించేవాడు చేసే పని ఇదే. మంచి ర్యాపర్ చేసే పనీ ఇదే. తన నడకకు మూలం నాట్యంలో నేర్చిన జతులని రాజకుమారి చెబుతూ వచ్చింది. ఆమె చెప్పకపోయినా తెలిసేదే. ‘మ్యూట్’ (2016) వినండి. ఇంగ్లీషు అక్షరాలను ఆమె సొల్లుకట్టులా పలుకుతుంది: హల్లును గట్టిగా కొట్టి, అచ్చును పొట్టిగా విడుస్తుంది. ఇంగ్లీషు మాటకు సహజంగా ఉన్న ఊనికను జతి తన వైపు లాక్కుంటుంది. అక్కడ వినబడేది ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని కొత్త ఇంగ్లీషు.

ఆమె గురించి రాసేవాళ్లు చాలామంది దీన్ని వదిలేసి బొట్టు, నగలు, దేవతల భంగిమల గురించి రాస్తారు. దానికి ఆమె వీడియోలు కూడా కొంత కారణమే. కంటికి కనిపించే భారతీయత వాటిలో అవసరానికి మించి ఉందని నా అభిప్రాయం. చెవికి వినిపించేది మాత్రం అసలైన సరుకు.

అయితే కూచిపూడి అంటే జతులు మాత్రమేనా? ఇక్కడే నా పేచీ. ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికాభినయాల్లో వాచికానికి కూచిపూడిలో ఉన్నంత చోటు తక్కిన నాట్యరీతుల్లో లేదు. భామాకలాపంలో సత్యభామ తెర వెనక నుంచి జడ ముందుకు వేస్తుంది. తనకు సాటి ఎవరైనా ఉంటే వచ్చి పట్టుకోమని అది సవాలు. ఆ తరవాత ప్రవేశ దరువులో తన్ను తాను పరిచయం చేసుకుంటుంది, పుట్టుక, అందం, మొగుడి మీద తనకున్న హక్కు అన్నీ చెప్పుకుని. ర్యాప్‌లో సొంత గొప్ప చెప్పుకోవడం న్యూయార్క్ బ్రాంక్స్ వీధుల్లో 1970ల్లో పుట్టిన రివాజు అంటారు. అక్కడ పుట్టినమాట నిజమే. కాని కూచిపూడి నేర్చిన పిల్లకి అది కొత్త సంగతి కాదు. రాజకుమారి పాటల్లో పదేపదే వచ్చే ‘నేను రాణిని’ అన్న ధోరణిని కొందరు అమెరికన్ పొగరు అన్నారు. నాకు అందులో సత్యభామ జడ కనిపిస్తుంది.

నేడు వేదిక మీద ఆడే ఏకపాత్ర నాట్యంలో జతులు చెప్పేది నట్టువాంగం పట్టుకున్న గురువు, పాడేది పక్కన కూచున్న గాయని. ఆడే పిల్ల మాట్లాడదు. పెదవులు కదిపినా అభినయమే. వెంపటి చినసత్యం గారు (1929–2012) మద్రాసులో తీర్చిదిద్ది ప్రపంచానికి అందించిన కూచిపూడి బాగా వ్యాపించింది. ఆ వ్యాప్తిలో వాచికం పలచబడిందన్నది నాట్యం తెలిసినవాళ్లు చాలాకాలంగా చెబుతున్న మాటే. ఈ నేపథ్యంలో రాజకుమారి చేసిన పని చిన్నది కాదు. గురువు నోట్లోని జతిని తన నోట్లోకి తెచ్చుకుంది. మాట్లాడని నర్తకిని మాట్లాడించింది.

కాని ఆ మాట తెలుగు కాదు. ఆమెకు పేరు తెచ్చిన పాటలను నడిపేది ఇంగ్లీషు. ముంబై చేరాక దాని పక్కన నిలబడ్డది హిందీ. ‘ఎన్నారై’ అన్న శీర్షికే చూడండి. చట్టం ప్రకారం అమెరికాలో పుట్టిన అమెరికా పౌరులు ఎన్నారైలు కారు. ఆ సంగతి అలా ఉంచినా, ఎటూ చెందనితనం గురించి చెప్పే పాటకు పన్నుల కాగితాల్లోని మాటను శీర్షికగా పెట్టడంలో ఒక విశేషం ఉంది. ఆ మాటలో దేశం ఉంది, భాష లేదు. తెలుగమ్మాయి ముందు ఇండియన్ అవుతుంది. ఇండియన్ అయ్యాక బజారు ఆమెను హిందీ అడుగుతుంది. ఇందులో ఆమెను తప్పుపట్టవలసింది పెద్దగా లేదు. నాట్యానికి అమెరికాలో బడి ఉంది, గురువు ఉన్నాడు, అరంగేట్రం ఉంది, చప్పట్లు కొట్టే సభ ఉంది. ఆ బడి జతిని తరవాతి తరానికి చేర్చింది. మాటకు అలాంటి ఏర్పాటు ఉన్నది తక్కువ.

తెలుగులో ర్యాప్ చెప్పడం తేలికా అంటే, భాషాశాస్త్రం చదివినవాడిగా కొన్ని ఇబ్బందులు చెప్పగలను. తెలుగు మాటలో అర్థాన్ని మార్చేది ఊనిక కాదు, అచ్చు నిడివి. దరువు కోసం అచ్చును సాగదీస్తే ‘పడు’ కాస్తా ‘పాడు’ అవుతుంది, పడినవాడు పాటగాడైపోతాడు. ఇంగ్లీషుకు ఈ బెడద తక్కువ. రెండోది అంత్యప్రాస. చేశాడు, చూశాడు, పోయాడు – ప్రత్యయం ఒకటే కనక ప్రాస ఊరికే దొరుకుతుంది. ఊరికే దొరికిన ప్రాస నాలుగు పంక్తుల తరవాత విసుగు పుట్టిస్తుంది. తెలుగు సినిమా ర్యాప్‌లో సగం ఈ జబ్బుతోనే చచ్చింది. మన పూర్వులు పాదంలో రెండో అక్షరానికి ప్రాస పెట్టింది ఇందుకేనేమో. ప్రత్యయం అక్కడికి చేరదు, ధాతువు పట్టుబడుతుంది. ర్యాప్ రాసే కుర్రవాళ్లు ఛందస్సు పుస్తకం చూడాలని నేను అంటే నవ్వుతారు. చూస్తే మాత్రం లాభపడతారు. హైదరాబాదులో రోల్ రైడా వంటివాళ్లు నగరపు తెలంగాణ మాటను దరువుకెక్కించి దారి వేశారు. అంతకు ముందు మనలో చాలామందికి ర్యాప్ పరిచయమైంది 1994లో, ‘ప్రేమికుడు’ సినిమాలోని పేట ర్యాప్‌తో. అదీ తమిళం నుంచి డబ్బింగే.

తమిళం ప్రస్తావన వచ్చింది కనక అరివు గురించి చెప్పాలి. బంగారుపేటలో మద్రాసు రైలెక్కితే దారిలో తగిలే అరక్కోణం అతని ఊరు. 2021లో ధీతో కలిసి పాడిన ‘ఎంజాయ్ ఎంజామి’లో సింహళం తేయాకు తోటల్లో పనిచేసి, చేతిలో సెంటు భూమి లేకుండా తిరిగివచ్చిన తన నాయనమ్మ తరం కథను ఎత్తుకున్నాడు. ఒప్పారి – చావింట ఆడవాళ్లు పాడే ఏడుపుపాట – అతనికి ఆధారం. ఆ పాటకున్న బలం మాటల్లో ఉంది: చెట్టు పేరు, పురుగు పేరు, చుట్టరికపు పిలుపు. తమిళం రానివాళ్లు కూడా దానికి చిందులేశారు. ఆ బలం ఎక్కడిదంటే, ముసలమ్మ నోటి మాట మనవడి నోటికి నేరుగా చేరడంలోనిది. రాజకుమారికి గురువు అందించింది జతి. అరివుకి నాయనమ్మ అందించింది మాట. లయజ్ఞానంలో రాజకుమారి ఒక మెట్టు పైనే ఉందంటాను. అయినా ఆమె పాటలు విని తలూపుతాం, అరివు పాట విన్నాక కాసేపు మాట్లాడలేం.

మరి కోలారు సంగతి? 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ గనులు తవ్వించిన కోలారు బంగారు గనులకు ఉత్తర ఆర్కాటు నుంచి తమిళులు, చిత్తూరు వైపు నుంచి తెలుగువాళ్లు కూలికి వచ్చారు. వాళ్లకు తాగునీరు వెళ్లింది పాలారు మీది బేతమంగళ చెరువు నుంచే. 2001లో గనులు మూతపడ్డాయి. చుట్టుపక్కల పల్లెల్లో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, గనుల కాలనీల్లో తమిళం. ఇక్కడి తెలుగుకు బడి లేదు, వేదిక లేదు. చాలామందికి లిపి కూడా రాదు. అయినా మాట పోలేదు. కైవారం తాతయ్య – నారేయణ యోగి – తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు కట్టాడు. ఆయన తెలుగు పాటలను కన్నడ లిపిలో అచ్చువేసుకుని ఇవాళ్టికీ భజనల్లో పాడుకుంటున్నారు. లిపి తెలియని భాషను గొంతు మోస్తోంది. రాజకుమారికి దొరికినదేదో ఇక్కడి పిల్లలకు దొరకలేదు. ఆమెకు దొరకనిది వీళ్ల నోట్లో ఉంది.

వీళ్లు దాన్ని దరువుకెక్కించడానికి సిగ్గుపడతారు. మాది సరైన తెలుగు కాదండీ అంటారు. పుస్తకాల తెలుగు ‘వస్తున్నాడు’కు మూడు గురువులు, ఒక లఘువు, ఏడు మాత్రలు. కోలారు మనిషి నిదానంగా ‘వస్తా ఉండాడు’ అంటే తొమ్మిది మాత్రలు. తొందరలో ‘వస్తాండాడు’ అంటే మళ్లీ ఏడే. ఒకే అర్థానికి, ఒకే మనిషి నోట, రెండు కొలతలు ఉన్నాయి. తొమ్మిది కావాలంటే తొమ్మిది, ఏడు కావాలంటే ఏడు. ప్రామాణిక భాషలో రాసే ర్యాపర్‌కి ఈ వెసులుబాటు లేదు. బేతమంగళ బస్టాండులో ‘వాడు వస్తాండాడు’ అని ఎవరైనా కేకవేస్తే, ‘వాడు’ను ఎత్తుగడగా వదిలేసి చేత్తో తాళం వేసి చూడండి. నాట్యం బడిలో మిశ్రజాతి అని నేర్పే ఏడు అదే: తకధిమి తకిట.